తల రుమాలు: కట్టవలసిన చోటు, విప్పవలసిన చోటు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు వేళకు బస్సులు ఆగుచోట నిలబడి చూచినచో మీకొక విషయము కంటబడును. గనికి పోవు కార్మికుని భుజముపై ఒక తువ్వాల ఉండును. పక్క పల్లె నుండి కూరగాయల గంపతో దిగిన రైతు తలకు కూడ అటువంటి తువ్వాలయే చుట్టి ఉండును. వారిద్దరు ఒక ఊరివారే కావచ్చును. ఒక ఇంటివారైనను ఆశ్చర్యము లేదు. అన్న గనిలోను తమ్ముడు పొలములోను పనిచేయు కుటుంబములు రామగుండము చుట్టుపట్ల కొల్లలుగా ఉన్నవి.

ఇంటి నుండి ఒకే రకపు తువ్వాలతో బయలుదేరిన ఆ ఇద్దరు పని దగ్గరకు చేరిన తరువాత వేరు వేరు పద్ధతులు పాటింతురు. అన్న గని దగ్గర తువ్వాల తీసి పెట్టును. తలకు హెల్మెట్, దానికి దీపము, కాళ్ళకు గట్టి బూట్లు వేసికొనును. బీడీలు, అగ్గిపెట్టె తనవద్ద లేవని తనిఖీ చేయించుకొని గాని భూమిలోకి దిగడు. తిరుగు యంత్రముల దగ్గర వదులు బట్టలు ఉండరాదను నియమము అతనికి మొదటి రోజుననే నేర్పబడును. తమ్ముడు మాత్రము మొక్కజొన్న నూర్పిడి యంత్రము ప్రక్కన తువ్వాల మెడలో వేసికొనియే నిలబడును. అతనికి ఎవరును ఏమియు నేర్పలేదు. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ తమ్ముని కొరకు వ్రాయబడినది. అన్న చదివినను నష్టము లేదు.

గుడ్డ ఒకటి, పేర్లు అనేకము

మన జిల్లాలలో దీనిని రుమాలు, తువ్వాల, దస్తీ, కండువా, తలపాగ అని పలు పేర్లతో పిలుతురు. రుమాలు అనగా పారసీక భాషలో ముఖము తుడుచునది. దస్తీ అనగా చేతిది. తువ్వాల అను మాట పోర్చుగీసు ఓడలతో మన తీరమునకు వచ్చినది. అమెరికా పశుకాపరులు మెడకు కట్టుకొను చుక్కల గుడ్డను వారు ‘బండనా’ అందురు. అది అచ్చముగా వారి మాట కాదు, మనదే. గుడ్డను దారముతో ముడులు కట్టి రంగులో ముంచు ‘బాంధనీ’ పని నుండి ఆ పేరు పుట్టినది. హిందీలో బాంధనా అనగా కట్టుట.

బొగ్గు గనులకును ఈ గుడ్డకును అక్కడ కూడ సంబంధము ఏర్పడినది. 1921లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో సుమారు పదివేల మంది గని కార్మికులు తమ సంఘ హక్కుల కొరకు బ్లెయిర్ కొండ మీదికి సాగినపుడు, తమవారిని గుర్తుపట్టుటకు మెడలకు ఎర్ర రుమాళ్ళు కట్టుకొనిరి.

మన నేతగాండ్రు ఈ విషయములో ఎవరికిని తీసిపోరు. చీరాలలోను, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలోను నేయు తేలియా రుమాలు వలె నిలువు నూలు, అడ్డ నూలు రెండింటికిని ముందుగానే ముడులు కట్టి రంగు వేసి నేయు వస్త్రములు ప్రపంచములో కొన్ని చోట్ల మాత్రమే కలవు. ఎరుపు, నలుపు, తెలుపు దీని రంగులు. ఒకప్పుడు ఇవి అరబ్బు దేశములకు ఓడలలో పోయి అచ్చట తలగుడ్డలుగా వాడబడెను. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇందులో రైతుకు పనికివచ్చు ముచ్చట ఒకటి ఉన్నది. ఈ నూలుకు రంగు పట్టించుటకు ముందు నువ్వుల నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలోను చాల దినములు నానబెట్టుచు, ఆరబెట్టుచు వచ్చెదరు. అందువలననే రంగు లోతుగా పట్టును. గుడ్డకు నూనె వాసన వచ్చును. ‘తేలియా’ అను పేరు కూడ అందువలననే వచ్చినది. మనము కల్లములో ఊడ్చి పారవేయు ఆముదపు పొట్టు ఆ ఊరి మగ్గము దగ్గర సరకుగా మారుచున్నది.

ఎటువంటి గుడ్డ కొనవలెను

పొలములోనికి తేలియా రుమాలు కట్టుకొని పొమ్మని నేను చెప్పుట లేదు. పనికి కావలసినది రెండు గజముల పొడవు, గజము వెడల్పు గల పలుచని నూలు గుడ్డ. తెల్లనిది లేక లేతరంగుది అయిన మేలు. నల్లని గుడ్డ ఎండను మ్రింగి తలకు అందించును. కొన్న వెంటనే గంజి పోవునట్లు రెండు మూడు మార్లు ఉతుకుడు. గంజి ఉన్న గుడ్డ చెమటను పీల్చదు. పాలియెస్టరు కలిసిన తువ్వాల చౌకగా దొరకును, త్వరగా ఆరును, మాయదు. ఇన్ని సుగుణములున్నను దానిని నేను మెచ్చను. అది చెమటను పీల్చదు. నిప్పురవ్వ పడిన కరిగి చర్మమునకు అంటుకొనును. వంట దగ్గరను, గట్లపై చెత్త కాల్చు చోటను అది పనికిరాదు.

ఎండకు కట్టు కట్టు

రామగుండము ఎండలు మీకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు ఇచ్చట అరుదు కాదు. ఇట్టి ఎండలో తలను మాత్రము చుట్టి మెడను వదలివేయుట మనవారు చేయు సాధారణమైన పొరపాటు. నాటు వేయునపుడు, కలుపు తీయునపుడు మనిషి వంగి ఉండును గదా! అప్పుడు సూర్యుని ఎదుట ఉండునది నడినెత్తి కాదు, మెడ వెనుక భాగము.

కావున కట్టు ఇట్లు కట్టవలెను. తువ్వాలను పొడవున మడవక, విప్పి, ఒక చివరను కనుబొమ్మలకు పైగా నుదుటిపై ఆనించుడు. గుడ్డ నెత్తి మీదుగా పోయి మెడ వెనుక జానెడు వ్రేలాడవలెను. మిగిలిన పొడవును ఒక ప్రక్కకు లాగి తాడువలె పురిపెట్టి తల చుట్టు ఒక చుట్టు త్రిప్పి, కొసను చెవి వెనుక లోపలికి దోపుడు. ముడి అక్కరలేదు. ఇది నెత్తిని, చెవులను, మెడను ఒక్కసారిగా కాపాడును. విప్పవలసి వచ్చినపుడు కొస లాగిన చాలును.

గంటకొకసారి గుడ్డను నీళ్ళలో ముంచి పిండి తిరిగి కట్టుకొనుడు. మట్టి కుండలో నీరు చల్లబడు సూత్రమే ఇక్కడను పనిచేయును. గుడ్డలోని తడి ఆవిరి అగుటకు కావలసిన వేడిని మీ ఒంటి నుండి తీసికొనిపోవును. గాలి పొడిగా ఉన్న ఏప్రిలు, మే నెలలలో ఇది బాగుగా పనిచేయును. వానాకాలపు ఉక్కలో తడి ఆరదు గనుక అంతగా పనిచేయదు.

అయితే తడిగుడ్డ ఉన్నదను ధైర్యముతో మిట్టమధ్యాహ్నము పని చేయరాదు. గుడ్డ ఎండదెబ్బను ఆలస్యము చేయును గాని ఆపలేదు. ఎవరైన తడబడి మాటాడినను, వాంతి చేసికొన్నను, ఒళ్ళు కాలిపోవుచు స్పృహ తప్పుచున్నను వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తువ్వాలను తడిపి మెడకు, చంకలకు, గజ్జలకు వేసి విసరుడు. 108కి ఫోను చేయుడు. స్పృహలో లేనివాని నోటిలో నీళ్ళు పోయరాదు. మెలకువగా ఉండి నీరసించిన వానికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవచ్చును. చెంచాలు తలగొట్టి కొలవవలెను. ఉప్పు ఎక్కువైన కీడు కలుగును.

మన పెద్దలు వానకు గొంగడిని కొప్పెరగా వేసికొనెడివారు. ఎండకు తెల్ల పాగ, వానకు నల్ల గొంగడి. వారికి ఎవరును ఉష్ణోగ్రత లెక్కలు చెప్పలేదు.

దూముడి, పీటముడి

తెలుగువారికి ముడులను గూర్చి మంచి మాటలే ఉన్నవి. కొస లాగగనే ఊడునది దూముడి. ఎంత లాగిన అంత బిగియునది పీటముడి. ఒంటి మీద కట్టు ఏ గుడ్డకైనను దూముడియే వేయవలెను. పీటముడి కావడికి, గడ్డిమోపుకు వేసికొనుడు. మనిషి మెడకు మాత్రము వేయకుడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో ఈ వ్యాసములో సగము చదివినట్లే.

ఇక మిగిలిన సగము. ట్రాక్టరు వెనుక నూర్పిడి యంత్రమును త్రిప్పు షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 మార్లు తిరుగును. అనగా సెకనుకు 9 మార్లు. ఆ షాఫ్టు చుట్టుకొలత ఒక జానెడు, అనగా 9 అంగుళములు అనుకొందము. అది సెకనుకు 81 అంగుళముల గుడ్డను, అనగా రెండుంబావు గజములను తనకు చుట్టుకొనును. మీ తువ్వాల పొడవు రెండు గజములు. కొస తగిలిన తరువాత అంతయు చుట్టుకొనుటకు ఒక సెకను కూడ పట్టదు. “అయ్యో” అనుటకు పట్టు కాలము అంతకంటె ఎక్కువ. చేయి పెట్టి లాగుకొందునని ఎవరైన అన్నచో ఈ లెక్క వినిపించుడు.

కొన్ని సంవత్సరముల క్రిందట కరీంనగరము వైపు ఒక పల్లెలో కల్లము దగ్గర ఇటువంటిది నా కన్నుల ఎదుటనే జరిగినది. మొక్కజొన్న కంకులు అందించుచున్న యువకుని తువ్వాల కొస షాఫ్టునకు తగిలెను. అదృష్టవశాత్తు అతడు దానిని మెడకు చుట్టలేదు. భుజముపై ఊరక వేసికొన్నాడు. రెప్పపాటులో తువ్వాల పోయినది, భుజముపై చర్మము ఒలిచినట్లయినది, మనిషి మిగిలెను. మరుసటి వారము నేను ఆ దారినే పోవుచుండగా అతడే క్రొత్త తువ్వాల అదే భుజముపై వేసికొని అదే చోట నిలబడి ఉండెను. పలకరించిన నవ్వెను. “అలవాటు సార్” అనెను. దాని తరువాత నాకు కోపము రాలేదు, భయము కలిగినది.

కావున నూర్పిడి యంత్రము, గడ్డి కోయు యంత్రము, బెల్టుతో నడచు పంపు, పిండిగిర్ని వీటి దగ్గర ఈ క్రింది విధముగా ఉండవలెను. మెడలోను భుజముపైను గుడ్డ ఉండరాదు. దుమ్ముకు తల కప్పవలసి వచ్చినచో గుడ్డను తలకు బిగువుగా చుట్టి రెండు కొసలను లోపలికి దోపవలెను. వ్రేలాడు చెంగు ఉండరాదు. స్త్రీలు కొంగును నడుమునకు దోపి, జడను గుడ్డ లోపలికి చుట్టవలెను. జడ కూడ షాఫ్టుకు తాడు వంటిదే. లుంగీ, ధోవతి కంటె మోకాళ్ళ వరకు ఉండు నిక్కరు మేలు. షాఫ్టుపై మూత లేని యంత్రమును అద్దెకు తీసికొనకుడు. ప్రమాదకర యంత్రముల నియంత్రణకు 1983లో పార్లమెంటు చట్టము చేసినపుడు పవర్ త్రెషర్లను దృష్టిలో ఉంచుకొనియే చేసినది. పంజాబు కల్లములలో చేతులు పోగొట్టుకొన్న వారి సంఖ్య అప్పటికే అంత పెరిగి ఉండెను.

గ్రామాధికారులకు, వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక మనవి. గని దగ్గర తువ్వాల తీసి పెట్టుటకు చోటు ఉన్నది గనుకనే కార్మికుడు తీసి పెట్టుచున్నాడు. కల్లము దగ్గర తీసిన తువ్వాలను ఎక్కడ పెట్టవలెను? నేల మీద పెట్టిన దుమ్ము, దూరముగా పెట్టిన మరపు. కనుక తిరిగి భుజము మీదికే వచ్చును. యంత్రమునకు పది పన్నెండు అడుగుల దూరమున ఒక గుంజ పాతి, దానికి నాలుగు మేకులు కొట్టి, తువ్వాలలు అచ్చట తగిలించిన పిదపనే ఇంజను ఆడించవలెనని యంత్రపు యజమానికి చెప్పుడు. రైతు వేదికలో జరుగు సమావేశములో ఈ మాట ఒక్కసారి అన్నచో ఒక గుంజ ఖర్చుతో పని తీరును. మోటారు సైకిలు వెనుక కూర్చున్న వారి కొంగు, చున్నీ చక్రములో పడు సంగతి కూడ అదే నోట చెప్పవచ్చును.

ముఖమునకు కట్టినపుడు

ముక్కు మీదుగా తువ్వాల కట్టుకొని మందు కొట్టు రైతును మీరు నిత్యము చూచుచున్నారు. ఆ గుడ్డ అతనిని కాపాడుచున్నదని అతని నమ్మకము. నిజమునకు పురుగుమందు తుంపరలు గుడ్డ నూలులో ఇంకి, అతని ముక్కునకును పెదవులకును ఆనుకొనియే ఉండును. ఆవిరిని గుడ్డ ఆపలేదు. గంట గడచుసరికి అతడు మందుతో తడిసిన గుడ్డ గుండ గాలి పీల్చుచుండును. పైగా చెమట తుడుచుకొనుటకు అదే గుడ్డ.

2017 వర్షాకాలములో మన ఆదిలాబాదుకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పత్తి చేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. మనిషి ఎత్తు పెరిగిన పత్తిలో మందు తల మీదికే తిరిగి వచ్చును. అక్కడి నేల మన నేల వంటిదే, పంట కూడ మన పంటయే.

మందు కొట్టుటకు దానికి తగిన మాస్కు, చేతి తొడుగులు, కండ్లద్దములు, పూర్తి చేతుల చొక్కా కావలెను. గాలికి ఎదురుగా కొట్టరాదు. తలకు గుడ్డ కట్టుడు గాని పని ముగియగానే విప్పి విడిగా ఉంచి, ఇంటి బట్టలతో కలపక సబ్బుతో ఉతుకుడు. చెరువులోను పశువుల తొట్టి దగ్గరను ఉతుకరాదు. గుడ్డ మందుతో బాగుగా తడిసినచో పని మధ్యలోనైనను తీసివేసి ఒళ్ళు కడుగుకొనవలెను.

బొగ్గు దుమ్ము సంగతియు ఇట్టిదే. ఓపెన్ కాస్టు గనుల దగ్గరి దారులలో లారీలు లేపు దుమ్ములో కంటికి కనిపించు రేణువులను తువ్వాల ఆపును. కంటికి కనిపించని సన్నని రేణువులు దాని గుండ సులభముగా పోవును. ఊపిరితిత్తులలో చివరి వరకు పోయి నిలిచిపోవునవి ఆ సన్ననివే. దారి దాటునంతసేపు గుడ్డ అడ్డము పెట్టుకొనుట మంచిదే. రోజంతయు దుమ్ములో పని ఉన్నవారు ఎన్-95 రకపు మాస్కు వాడవలెను.

పత్తి ఏరునపుడు

తల గుడ్డ పంట ధరను కూడ కాపాడునని చెప్పిన మీరు నవ్వవచ్చును. పత్తిలో కలిసిన తల వెంట్రుకలు, ప్లాస్టిక్ సంచుల పోగులు మిల్లులలో నూలు తెగుటకు, రంగు సరిగా పట్టకుండుటకు కారణమగును. వాటిని ఏరుట మిల్లులకు పెద్ద ఖర్చు. కనుక ఏరు స్త్రీలు జుట్టు పూర్తిగా కప్పునట్లు నూలు గుడ్డ కట్టుకొనవలెను. ఏరిన పత్తిని వేయు ఒడి కూడ నూలు గుడ్డతోనే కట్టవలెను. యూరియా సంచి చింపి కట్టరాదు. గుడ్డ నాలుగు కొసలలో రెండింటిని నడుము వెనుక దూముడి వేసి, మిగిలిన రెండింటిని పైకి తెచ్చి బొడ్డు దగ్గర దోపిన లోతైన ఒడి ఏర్పడును. నిండగానే ఒక కొస వదలిన పత్తి మొత్తము జారి పడును. మంచు ఆరిన తరువాతనే ఏరుడు. కొనుగోలు కేంద్రములలో తేమ 8 శాతము మించినకొలది ధర తగ్గును. 12 శాతము దాటిన పత్తిని తీసికొనరు.

మోపులు, నీళ్ళు

నెత్తిమీద బరువు మోయువారు తువ్వాలను పురిపెట్టి చుట్టకుదురు చేయుదురు. దానిలో చెప్పదగినది ఒకటే. కుదురు మధ్య భాగము ఖాళీగా ఉండవలెను. బరువు నడినెత్తిపై గాక చుట్టును సమముగా పడవలెను. బొట్టు పెట్టు చోటికి నాలుగు వ్రేళ్ళ పైగా కుదురు ముందంచు ఉన్నచో మెడ నిటారుగా నిలుచును.

నీళ్ళు వడగట్టుట గూర్చి మాత్రము కొంత చెప్పవలెను. దిగుడుబావుల నీరు త్రాగిన కాలములో నారి కురుపు మన పల్లెలను ఎట్లు వేధించెనో పెద్దలను అడుగుడు. కాలి నుండి మూరెడు దారము వంటి పురుగు వెడలుచుండగా రైతు నాటు వేళ నెలల తరబడి మంచము పట్టెడివాడు. ఆ పురుగు పిల్లలను మోయు నీటి ఈగలు కంటికి కొద్దిగా కనిపించునంతవి. గుడ్డతో వడగట్టిన నిలిచిపోవును. దిగుడుబావులను మూసి, బోర్లు వేసి, వడగట్టుట నేర్పి మన దేశము ఆ వ్యాధిని నిర్మూలించినది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువీకరించినది. బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీరను నాలుగైదు మడతలు వేసి నీరు వడగట్టిన ఇండ్లలో కలరా సుమారు సగము తగ్గినట్లు 2003లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది.

అయితే గుడ్డ ఉప్పును, ఫ్లోరైడును, పురుగుమందును ఆపలేదు. చెలమ నీటిని వడగట్టి త్రాగు కాలము కాదిది. ఇంటి నుండి భగీరథ నీరు తీసికొనిపొండి. మరచినపుడు, దారి లేనపుడు, పాత నూలు గుడ్డను మడతలు పెట్టి వడగట్టి, కాచి త్రాగుడు.

దెబ్బ తగిలినపుడు, పాము కరచినపుడు

కొడవలి తెగి రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై పెట్టి గట్టిగా అదిమి పట్టుడు. తడిసిన గుడ్డను తీయక దాని మీదనే మరియొక గుడ్డ పెట్టుడు. పసుపు, కాఫీపొడి, మట్టి అద్దకుడు. చేయి విరిగినచో గుడ్డను మూలగా మడచి మెడ నుండి ఊయలవలె వ్రేలాడదీసి చేతిని అందులో ఉంచుడు.

పాము కాటు విషయములో మనము నేర్చుకొన్నదానిని మరువవలసి ఉన్నది. పూర్వపు ప్రథమ చికిత్స పుస్తకములలో కాటుకు పైగా గుడ్డతో బిగించి కట్టుమని వ్రాయుచుండిరి. మన పెద్దలు అట్లే చేయుచుండిరి. ఆ సలహా తప్పు. బిగించి కట్టిన కాలికి రక్తము అందక కుళ్ళి, విషముతో గాక కట్టుతో కాలు పోగొట్టుకొన్నవారున్నారు. కట్టు ఒక్కసారిగా విప్పినపుడు విషము వేగముగా పాకు ప్రమాదము కూడ కలదు. కోయరాదు, పీల్చరాదు. కరచిన కాలినో చేతినో కదలనీయక, ఒక బద్దను ఆనించి తువ్వాలతో వదులుగా చుట్టుడు. ఉంగరములు, కడియములు తీసివేయుడు. నడిపించక, మోసికొని, విషమునకు విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చుడు. మంత్రగాని ఇంటి దగ్గర గడచు ప్రతి నిమిషము రోగికి నష్టము.

విత్తనమునకు కూడ

వానలకు ముందు మీ తువ్వాలతో ఇంకొక పని చేయవచ్చును. ఇంట నిలువచేసిన వరి విత్తనముల నుండి ఏరకుండ నూరు గింజలు లెక్కించుడు. మంచివి ఎంచి తీసిన మిమ్ము మీరే మోసగించుకొన్నవారగుదురు. గుడ్డను తడిపి పిండి, సగముపై గింజలను పదేసి చొప్పున వరుసలుగా పేర్చి, మిగిలిన సగముతో కప్పి, చాపవలె వదులుగా చుట్టి, రెండు చివరల దారము కట్టి నీడలో ఉంచుడు. దినమునకు రెండుమార్లు నీళ్ళు చిలకరించుడు. వారము పది దినములలో విప్పి వేరును మొలకయు రెండును సరిగా వచ్చినవాటిని లెక్కపెట్టుడు. 80 లేక అంతకంటె ఎక్కువ వచ్చిన ఆ విత్తనము నారుకు పనికివచ్చును. 60 మాత్రమే వచ్చినచో విత్తన మోతాదు పెంచి సరిపెట్టుకొనుటకంటె వేరు విత్తనము వెదకుకొనుట మేలు. సోయా చిక్కుడుకు 70, పెసరకు 75 ఉండవలెను. ఈ పరీక్షకు వాడు గుడ్డ మందు తగిలినది కారాదు. తగిలినదైన గింజ మొలవక, విత్తనము చెడ్డదని మీరు భ్రమపడుదురు.

గుడ్డను ప్రతి దినము సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయుడు. ఒకరి తువ్వాల మరియొకరు వాడరాదు; తామర, కండ్లకలక ఇంటిలో అందరికి చుట్టుకొనుట చాల వరకు తువ్వాల వలననే. చినిగిపోయిన పిమ్మట నూలు గుడ్డ ట్రాక్టరు నూనె తుడుచుటకు, పంపు జాయింటు దగ్గర చుట్టుటకు పనికివచ్చును. మందు కొట్టునపుడు వాడిన పాత గుడ్డతో మాత్రము పాడిపశువు పొదుగు తుడువకుడు.